ఏడాది కూర్చుంటే వచ్చే మార్కులు కావివి

డిసెంబరులో క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో లా సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చి వారం తిరక్కుండానే కరపత్రాలు దిగుతాయి. "క్లాట్ లాంగ్ టర్మ్ బ్యాచ్‌లు ప్రారంభం, హాస్టల్ వసతి కలదు." లాంగ్ టర్మ్ అంటే ఏమిటో తెలుగు ఇళ్లలో విడమరిచి చెప్పనక్కర్లేదు. తెల్లారి ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి మళ్లీ స్టడీ అవర్, మధ్యలో అదే సిలబస్ రెండో చుట్టు, ఆదివారం గ్రాండ్ టెస్ట్. నీట్‌లో సీటు తప్పిన పిల్లలకు మనం చెప్పే ధైర్యం కూడా ఇదే: "ఏడాది కూర్చో, అదే వస్తుంది."

నీట్ విషయంలో ఆ మాటను కొట్టిపారేయను. దానికి చదవాల్సిన పుస్తకాలు ఇవీ అని ఉన్నాయి. మర్చిపోయిన వాక్యాన్ని మళ్లీ చదివితే జారిపోయిన మార్కు తిరిగొస్తుంది. గంటలు పెరిగితే మార్కులు పెరగడానికి అక్కడ కారణం ఉంది. క్లాట్ అలాంటిది కాదు. ఇంగ్లీషు, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, క్వాంట్ (లెక్కలు) అని ఇందులో ఐదు సెక్షన్లు. 120 ప్రశ్నల్లో కరెంట్ అఫైర్స్ తీసేస్తే మిగిలే దాదాపు 90 ప్రశ్నలకు కావలసిన సరుకంతా ప్రశ్నపత్రంలోనే ప్యాసేజీలుగా అచ్చై ఉంటుంది. మర్చిపోవడానికే ఏమీ లేనప్పుడు రెండో చుట్టు దేన్ని చదువుతాం? 60 మార్కుల దగ్గర ఆగిపోయిన పిల్లవాడు మెటీరియల్ కట్టలు ముందేసుకుని ఏడాది కూర్చుని మళ్లీ 60ల్లోనే తేలడం, లేదా పేపరు తేలికగా వచ్చి 75 తెచ్చుకుని పాత ర్యాంకు దగ్గరే నిలబడడం ఇందుకే. (మార్కుల్ని మార్కులతో పోల్చడం క్లాట్‌లో పెద్ద మోసం. ఏ ఏటి పేపరు ఆ ఏటిదే. పోల్చుకుంటే ర్యాంకునే పోల్చుకోవాలి.)

రెండోసారి రాసేవాళ్లు మొదటి నెలంతా తమ పాత పేపరుతోనే గడపాలనీ, మిగతా నెలలు ఎలా గడపాలో ఆ పేపరే చెప్తుందనీ నా వాదన. వినడానికి చిన్న సలహాలా ఉంటుంది గానీ, చెయ్యమంటే చేసేవాళ్లు తక్కువ. తక్కువ మార్కులొచ్చిన పేపరు మొహం మళ్లీ చూడాలని ఎవరికీ ఉండదు. కొత్త పుస్తకం కొంటే వచ్చే ఊరట అందులో లేదు.

పాత పేపరును మళ్లీ రాయడం

పద్ధతి ఇది. పరీక్షలో ఏ ప్రశ్నకు ఏం పెట్టారో ఒక కాగితం మీద ఉండాలి. ఓఎంఆర్ (జవాబుల బబుల్స్ దిద్దే పత్రం) నకలు దగ్గరుంటే సరే, లేకపోతే ఫలితాలకు ముందే గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోవాలి. తర్వాత కీ చూడకుండా, గడియారం పెట్టుకోకుండా, అదే పేపరును రోజుకు ఒక సెక్షన్ చొప్పున మొదటినుంచి రాయాలి. ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు. ప్రతి జవాబు పక్కనా ఒక్క ముక్క కారణం రాయాలి: ప్యాసేజీలో ఏ వాక్యం ఈ ఆప్షన్‌ను నిలబెడుతోంది, మిగతా మూడింటిని ఏది పడగొడుతోంది. అంతా అయ్యాకే కీ తియ్యాలి.

ఇప్పుడు రెండు స్కోర్లు చేతిలో ఉంటాయి. ఒకటి గడియారంతో రాసినది, ఒకటి గడియారం లేకుండా రాసినది. పరీక్షలో 61.75 వచ్చిన ఇద్దరిని తీసుకోండి. ఒకరికి తీరిగ్గా రాస్తే 88 వచ్చింది. ఇంకొకరికి 66 వచ్చింది. కోచింగ్ సెంటరు వీళ్లిద్దర్నీ ఒకే బ్యాచిలో, ఒకే బెంచీ మీద కూర్చోబెడుతుంది. నిజానికి వీళ్ల జబ్బులు వేరు. మొదటివాడికి అర్థమవుతోంది, సమయం చాలడం లేదు, లేదా తొందరలో తప్పు పెడుతున్నాడు. అతనికి కావలసింది మాక్‌లు (నమూనా పరీక్షలు), ఏ ప్యాసేజీ ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు వదలాలి అనే అభ్యాసం. రెండోవాడికి మాక్‌లు ఎన్ని రాయించినా ఒరిగేది లేదు. ఎంత తీరిక ఇచ్చినా ప్యాసేజీ అతనికి పట్టుబడడం లేదు. మొదటి రెండు నెలలు గడియారం జోలికి పోకుండా చదవడం నేర్చుకోవాలి.

ఇందులో ఒక చిక్కుంది. పరీక్షైన సాయంత్రమే యూట్యూబ్‌లో కీ చూసేసి, స్నేహితులతో ప్రతి ప్రశ్నా చర్చించేసి ఉంటారు. అలాంటప్పుడు తీరిక స్కోరులో జ్ఞాపకం కలిసిపోయి అంకె పెద్దదిగా కనిపిస్తుంది. అలా అయితే ఇంతవరకు ముట్టని పాత సంవత్సరం పేపరు తీసుకుని, అందులో కొన్ని ప్యాసేజీలు గడియారంతో, మిగతావి గడియారం లేకుండా రాసి చూసుకోవాలి. ప్యాసేజీల పద్ధతి మొదలైంది 2020లో. 2020 నుంచి 2023 వరకు పేపర్లలో 150 ప్రశ్నలుండేవి, 2024 నుంచి 120. అంతకుముందు నాటి 200 ప్రశ్నల పేపర్లు ఇప్పుడు చేసినా పెద్దగా ఉపయోగం లేదు, అది వేరే పరీక్ష.

ఇంకో చిక్కు, కీ మీద నమ్మకం. కీ కూడా తప్పవుతుంది. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్ష కీ మీద గొడవ హైకోర్టులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2025 మే 7న గానీ తేలలేదు. కాబట్టి "కీ తప్పు" అనిపించినప్పుడల్లా అది మన అహంకారమే అనుకోనక్కర్లేదు. ఆ ప్రశ్న పక్కన గుర్తు పెట్టుకుని ముందుకెళ్లాలి. అయితే తన తప్పుల్లో పది కీ తప్పులే అని ఎవరైనా అంటుంటే, ఆ పదీ మరింత జాగ్రత్తగా చూడాల్సినవని అర్థం.

నెగటివ్ మార్కుల మీద నింద

తక్కువ మార్కులొచ్చిన ఇంట్లో మొదట వినిపించేది "నెగటివ్‌లు కొంపముంచాయి" అన్న మాట. ఆ వెంటనే వచ్చే తీర్మానం, ఈసారి తెలిసినవే పెడతాను అని. లెక్క వేసి చూద్దాం.

98 ప్రశ్నలు పెట్టారు. 69 ఒప్పు, 29 తప్పు. తప్పుకు పావు మార్కు చొప్పున 7.25 పోయి 61.75 మిగిలింది. ఆ 29 ప్రశ్నల్లో ఒక్కటీ ముట్టుకోకుండా వదిలేసి ఉంటే? 69. అంటే ఎంతో క్రమశిక్షణతో, ఒక్క తప్పూ పెట్టకుండా వస్తే దక్కే లాభం ఏడుంపావు మార్కులు. అదే ఆ 29లో 14 ప్రశ్నల్ని ఒప్పు చేసుకోగలిగితే, ఒక్కోదానికి 1.25 చొప్పున 17.5 కలిసి 79.25 అవుతుంది. ఇక అసలు చేరుకోలేకపోయిన 22 ప్రశ్నలు వేరే ఉన్నాయి. నెగటివ్‌ల భయంతో పెట్టేవి తగ్గించుకుంటే పై రెండు దారులూ మూసుకుపోతాయి.

ఊహించి పెట్టడం గురించి కూడా భయం ఎక్కువ, లెక్క తక్కువ. ఐదింటిలో ఒకటి ఒప్పైనా నష్టం లేదు, ఒక మార్కు వచ్చి నాలుగు పావులు పోతాయి. కళ్లు మూసుకుని పెట్టినా నాలుగింటిలో ఒకటి తగలాలి. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే సగటున 0.17 మార్కు లాభం, రెండు కొట్టేస్తే 0.375.

ఈ లెక్కకు ఎదురు వాదన ఉంది, అది బలమైనది కూడా. మిగిలిన రెండు ఆప్షన్లూ బొమ్మా బొరుసూ కావు. ఒకటి జవాబు, ఇంకొకటి మనలాంటివాళ్లు పడాలని తవ్విన గొయ్యి. ప్రతిసారీ గోతిలోకే వెళ్లే అలవాటున్నవాళ్లకు సగం సగం లెక్క వర్తించదు. ఎవరికి వారు తేల్చుకోవడానికి ఒక్కటే మార్గం: మాక్ రాసేటప్పుడు సందేహంతో పెట్టిన ప్రతి ప్రశ్న పక్కనా ప్రశ్నపత్రం మీద చిన్న చుక్క పెట్టాలి. ఐదారు మాక్‌లు అయ్యేసరికి వందకు పైగా చుక్కలుంటాయి. వాటిలో ఎన్ని ఒప్పో లెక్కపెట్టాలి. ఐదో వంతుకు మించి ఒప్పైతే పెడుతూ పోవచ్చు. అంతకంటే తక్కువైతే, ఏ సెక్షన్‌లో తక్కువో చూసి అక్కడ ఆపాలి. చాలామందికి లాజికల్ రీజనింగ్ చుక్కలు ముంచుతాయి, లీగల్ చుక్కలు కాపాడతాయి.

సందేహంలో అసలు ఖర్చు పావు మార్కు కాదు, ఆ ప్రశ్న దగ్గర నిలబడి తగలేసిన రెండు నిమిషాలు. చివర్లో ఖాళీగా మిగిలే 22 ప్రశ్నలు అక్కడే పుడతాయి.

తెలిసినదే ముంచుతుంది

లాంగ్ టర్మ్ పద్ధతి ఎక్కువ హాని చేసేది లీగల్ రీజనింగ్‌కు. 28 నుంచి 32 ప్రశ్నలు ఇక్కడివే. న్యాయశాస్త్రం ముందే తెలిసి ఉండాల్సిన పని లేదని పరీక్ష పెట్టేవాళ్లే చెప్తారు. సూత్రం ప్యాసేజీలో ఉంటుంది, దాన్ని ప్రశ్నలోని సంఘటనకు అన్వయించాలి. అయితే ఏడాది హాస్టల్లో ఉంచుకున్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు, కాంట్రాక్టు చట్టం నోట్సు, టార్ట్స్ (నష్టపరిహారం అడగదగిన పౌర తప్పిదాలు) కేసుల పేర్లు చెప్తారు. పిల్లలకు కూడా నచ్చుతుంది, లాయర్లు అయిపోయినట్టే ఉంటుంది.

పరీక్షలో ఏమవుతుందో చూడండి. ప్యాసేజీలో ఇలా ఉందనుకుందాం: అంగీకారం తెలుపుతూ రాసిన ఉత్తరం ప్రతిపాదించినవాడి చేతికి అందినప్పుడే ఒప్పందం ఇద్దరినీ కట్టిపడేస్తుంది. ప్రశ్న: రవి సోమవారం ఉత్తరం పోస్టు చేశాడు, గురువారం అందింది, బుధవారం నాడు అవతలివాడు ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. ఒప్పందం ఉందా? ప్యాసేజీ ప్రకారం లేదు. కానీ భారత కాంట్రాక్టు చట్టం 4వ సెక్షన్ చదువుకున్న పిల్లవాడికి, ఉత్తరం పోస్టులో పడగానే ప్రతిపాదించినవాడు కట్టుబడిపోతాడని తెలుసు. ఆ సెక్షన్ ప్రకారమే కచ్చితమైన జవాబు ఒక ఆప్షన్‌గా కూర్చుని ఉంటుంది. అతను దాన్ని పెట్టి నమ్మకంగా ముందుకెళ్తాడు. ఏమీ చదవని పక్క కుర్రాడికి ఆ మార్కు వస్తుంది.

దీనికి మందు చట్టం చదవొద్దనడం కాదు. వార్తల్లో వచ్చే చట్టాల నేపథ్యం తెలిస్తే ప్యాసేజీ వేగంగా సాగుతుంది, ఆ లాభాన్ని కాదనలేం. జవాబు పెట్టేముందు మాత్రం ప్యాసేజీలోని వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే అది బయటినుంచి తెచ్చిన జవాబు. "తప్ప", "అయితే", "ఉంటేనే" అనే అర్థాలిచ్చే ఇంగ్లీషు మాటల కింద గీత గీయడం మొదటి వారంలోనే అలవాటు కావాలి. లీగల్ తప్పుల్లో చాలా వరకు మినహాయింపు వాక్యాన్ని దాటేసినవే.

లాజికల్ రీజనింగ్‌లో ఇదే రోగం ఇంకో రూపంలో వస్తుంది. రచయిత వాదన ఇదనుకోండి: ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో మహిళలు పెరిగారు, కాబట్టి పనికి వెళ్లే మహిళల సంఖ్య పెరిగింది. ఈ వాదనను బలహీనపరిచేది ఏది? "ఆర్టీసీ మీద భారం పడింది" అని ఒక ఆప్షన్. "పెరిగిన ప్రయాణాల్లో ఎక్కువ భాగం గుళ్లకూ బంధువుల ఇళ్లకూ వెళ్లినవి" అని ఇంకొకటి. టీ కొట్టు దగ్గర ఈ పథకం గురించి వాదించుకునే అలవాటున్నవాళ్లు మొదటిది పెడతారు. అది పథకం మీద విమర్శే గానీ ఈ వాదన మీద విమర్శ కాదు. ప్రయాణం నుంచి ఉద్యోగానికి వేసిన వంతెనను కూల్చేది రెండోది. తప్పుల పుస్తకంలో "అజాగ్రత్త" అని రాసుకుంటే ఈ తేడా ఎప్పటికీ దొరకదు. "వాదనను వదిలి విషయాన్ని పట్టుకున్నాను" అని రాసుకుంటే, అదే తప్పు ఇంకో పదిచోట్ల కనబడడం మొదలవుతుంది. రెండు నెలల తర్వాత చూసుకుంటే ఎవరి పుస్తకంలోనైనా తప్పుల రకాలు ఐదారుకు మించవు.

తెలుగులో ఒక్క వాక్యం

తీరిగ్గా రాసినా 66 దాటని రెండోవాడి సంగతి. మన ఇంటర్మీడియట్ నుంచి వచ్చేవాళ్లలో, ముఖ్యంగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లలో, వీళ్లు చాలామంది. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది. ప్యాసేజీ ఒక్కొక్కటి 450 మాటల దాకా సాగుతుంది. ప్రశ్నలూ ఆప్షన్లూ కలుపుకుంటే పేపరు మొత్తం పదిహేను వేల మాటల దరిదాపుల్లో ఉంటుంది. నిమిషానికి 150 మాటలు చదివేవాడికి చదవడానికే 100 నిమిషాలు పోతాయి. 120 ప్రశ్నలు ఆలోచించడానికి మిగిలేది ఇరవై, అంటే ప్రశ్నకు పది సెకన్లు. నిమిషానికి 225 చదివేవాడికి 50 నిమిషాలు పైనే మిగులుతాయి. ఇద్దరి తెలివీ ఒకటే కావచ్చు.

వొకాబులరీ జాబితాలు బట్టీ పట్టడం దీనికి మందు అనుకుంటారు. పనిచేయడం నేను చూడలేదు. ప్యాసేజీ అర్థం కాకపోవడానికి తెలియని మాటలు సాధారణంగా కారణం కాదు. పొడుగు వాక్యంలో కర్త ఎక్కడుందో, రచయిత ఎవరి మాటను తనదిగా చెప్తున్నాడో, ఎవరి మాటను ఖండించడానికి ఎత్తుకున్నాడో తప్పిపోవడం కారణం.

చేయవలసింది ఇది. రోజూ రెండు ఇంగ్లీషు సంపాదకీయాలో వ్యాసాలో, ఒక్కొక్కటి 450 మాటల ముక్క. ఒక్కసారే చదవాలి, వెనక్కి వెళ్లకూడదు. మూసేసి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో ఒక్క వాక్యం రాయాలి. "ఇది ఫలానా విషయం గురించి" అని రాస్తే లెక్కలోకి రాదు, "ఫలానాది తప్పు, ఎందుకంటే ఇది" అని రావాలి. ఇంగ్లీషులో రాయమంటే పిల్లలు ప్యాసేజీలోని మాటల్నే అటూఇటూ తిప్పి రాసేస్తారు, అర్థమైందో లేదో వాళ్లకీ తెలియదు. తెలుగులో ఆ దాపరికం కుదరదు. వాక్యం రాకపోతే రాదంతే.

దీనికి ఇంగ్లీషు టీచర్లు ఒప్పుకోరు. తెలుగులోకి మార్చుకుంటూ చదివితే వేగం పడిపోతుందంటారు. చదివేటప్పుడు మార్చుకుంటే నిజంగానే పడిపోతుంది. నేనంటున్నది చదవడం పూర్తయ్యాక, అదీ మొదటి రెండు నెలలే. మూడో నెల నుంచి వాక్యం మనసులో అనుకుంటే చాలు, అప్పుడు గడియారం పెట్టుకుని మూడు నిమిషాల నుంచి రెండు నిమిషాలకు దించుకోవాలి.

లాంగ్ టర్మ్ గెలిచే చోటు

నిజాయితీగా ఒప్పుకోవలసింది ఒకటుంది. కరెంట్ అఫైర్స్‌లో 28 నుంచి 32 ప్రశ్నలు కూర్చుని చదివినవాడివే. ఇక్కడ ప్యాసేజీ పేరుకే, ప్రశ్నలు దాని బయట ఉంటాయి. ఒక ఒప్పందం గురించి ప్యాసేజీ ఇచ్చి, అది ఏ సంవత్సరంలో కుదిరింది, కార్యాలయం ఎక్కడ అని అడుగుతారు. తెలిస్తే పది సెకన్లు, తెలియకపోతే ప్యాసేజీ పదిసార్లు చదివినా రాదు. అందుకే చాలామంది దీన్ని మొదట పెట్టుకుని పన్నెండు నిమిషాల్లో ముగిస్తారు, మిగతా సెక్షన్లకు సమయం మిగిలేదీ ఇక్కడే.

అయితే రెండోసారి రాసేవాళ్లకు ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. నిరుటి నోట్సు కట్ట ఉంది కదా అని ధీమా. పరీక్ష ముందు ఏడాది కాలంలో జరిగినవాటి చుట్టూనే ప్రశ్నలు ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి, ఆ కట్టలో నిలిచేది నేపథ్య భాగం మాత్రమే. దినపత్రిక ముందేసుకుని మూడు గంటలు గడపడమూ దండగే. వారానికి నాలుగైదు అంశాలు ఎంచుకుని ఒక్కోదానికి ఒక్క పేజీ: ఏం జరిగింది, ఎవరు, ఏ చట్టం లేదా అధికరణం, అంతకుముందు ఏం జరిగింది, ఏ సంస్థ, దాని కార్యాలయం ఎక్కడ. ఎన్నికల ప్రచారాల్లో ఎవరెవర్ని ఏమన్నారో వదిలేయవచ్చు.

క్వాంట్ గురించి రెండు మాటలు చాలు. 10 నుంచి 14 ప్రశ్నలు, పదో తరగతి శాతాలు, నిష్పత్తులు, సగటులు, లాభనష్టాలు. ఎంపీసీ పిల్లలకు ఇవి ఊరికే వచ్చే మార్కులు, కానీ పేపరులో చివర ఉన్నాయని చివరికే ఉంచుకుని సమయం లేక వదిలేస్తారు. మూడో స్థానంలోకి తెచ్చుకుంటే సరిపోతుంది. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లు లెక్కలంటే భయపడి మొత్తంగా వదిలేస్తారు. మే, జూన్‌లలో రోజుకు నలభై నిమిషాలు కేటాయిస్తే ఇందులో సగమైనా దక్కుతాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు

మాక్‌లు వంద రాశామని చెప్పుకునేవాళ్లుంటారు. రెండు గంటలు రాసిన మాక్‌ను నాలుగు గంటలు విప్పి చూడకపోతే అది వేళ్లకు వ్యాయామం. ఆగస్టు దాకా వారానికొకటి, ఆ తర్వాత రెండు, మొత్తం 35, 40 దాటనక్కర్లేదు. పరీక్షకు ఐదు రోజుల ముందు ఆపేయాలి.

రాసేది ఎక్కడ, ఎప్పుడు అన్నది అంతకంటే ముఖ్యం. క్లాట్ కాగితం మీద, మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా జరుగుతుంది. మాక్‌లు మాత్రం లాప్‌టాప్ మీద, పొద్దున్నే రాస్తుంటారు. తెర మీద ఒక నొక్కుతో అయ్యే పని కాగితం మీద పెన్నుతో బబుల్ దిద్దితే మూడు, నాలుగు సెకన్లు. 110 ప్రశ్నలకు ఆరేడు నిమిషాలు. ఆ ఆరేడు నిమిషాలు మాక్‌లో ఎప్పుడూ ఖర్చు కాలేదు గనుక అసలు పరీక్షలో ఒక ప్యాసేజీ తక్కువ పడుతుంది. కాబట్టి మాక్‌ను ప్రింటు తీసుకుని, ఓఎంఆర్ నమూనా ముందు పెట్టుకుని, భోజనం చేసి రెండింటికి కూర్చోవాలి. అన్నం తిన్నాక లాజికల్ ప్యాసేజీ మీద వాలిపోయే కళ్లను మొదటిసారి డిసెంబరులో చూడకూడదు.

బబుల్స్ అన్నీ చివర్లో దిద్దుదామనుకోవడం, ప్రశ్న ప్రశ్నకూ దిద్దడం, రెండూ నష్టమే. ప్యాసేజీ అయిపోగానే దాని నాలుగైదు బబుల్స్ ఒక్కసారి దిద్దేసి, ప్రశ్న నంబరు చూసుకోవడం మేలు. ఏదైనా ప్యాసేజీ వదిలినప్పుడే వరస జారి, అక్కడినుంచి అన్నీ ఒక గడి కిందికి పడతాయి.

సమయం పంపకం ఎవరిది వారిదే. మొదలుపెట్టడానికి ఇది తీసుకోవచ్చు: కరెంట్ అఫైర్స్ 12 నిమిషాలు, ఇంగ్లీషు 22, క్వాంట్ 14, లీగల్ 35, లాజికల్ 30, బబుల్స్‌కు 7. ఏ సెక్షన్‌లోనైనా ఒక ప్యాసేజీ మొదటి పది వరుసల్లో లొంగకపోతే దాన్ని మొత్తంగా వదిలేయాలి. అన్ని ప్యాసేజీలూ చదివి ఒక్కోదాంట్లో రెండేసి ప్రశ్నలు వదలడం దుబారా, చదివిన ఖర్చు పూర్తిగా పెట్టి సగం సరుకు తెచ్చుకున్నట్టు.

ఏడాది మొత్తం ఆగాలా?

ఇదే నాకు తేలని ప్రశ్న. డిసెంబరులో పరీక్ష అయితే మన పిల్లలకు ఆ వెంటనే ప్రాక్టికల్స్, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. కాబట్టి "ఏడాది" అనేది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలలు. మొదటిసారి ఎంపీసీ సిలబస్ మోస్తూ, రెండు నెలల తయారీతో రాసి 60 తెచ్చుకున్నవాళ్లకు ఆ ఎనిమిది నెలలూ నిజంగా పనికొస్తాయి. వాళ్ల 60లో ఇంకా చదవనిది చాలా ఉంది. మొదటిసారే ఏడాదిన్నర కోచింగ్ తీసుకుని అదే 60 తెచ్చుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లను మళ్లీ అదే గదిలో కూర్చోబెట్టడానికి నాకు కారణం కనిపించదు.

రెండో రకం వాళ్లు లాసెట్ (రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాసి ఐదేళ్ల లా కోర్సులోనో, డిగ్రీలోనో చేరి పక్కన క్లాట్ రాయడం మంచిదని నా అభిప్రాయం. నేను చెప్పిన పని రోజుకు మూడున్నర గంటలు మించదు: సంపాదకీయాలకు గంట, తప్పుల పుస్తకానికి గంటన్నర, కరెంట్ అఫైర్స్‌కు గంట. ఆదివారం మాక్. లాసెట్ తయారీ దీనికి అడ్డు కూడా రాదు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగటివ్‌లు లేవు, వాటిలో 30 కరెంట్ అఫైర్స్. అభ్యంతరం లేకపోలేదు. కాలేజీలో చేరాక మనసు రెండు పడవల మీద ఉంటుంది, సెప్టెంబరుకల్లా ఒకటి వదిలేస్తారు, వదిలేది తరచూ క్లాట్‌నే. చేరేముందు తర్వాత మానేస్తే ఫీజు సంగతేమిటో, టీసీ ఎప్పుడు వెనక్కిస్తారో కాగితం మీద అడిగి తెలుసుకోవాలి. నవంబరులో కాదు, చేరేరోజే.

తక్కువ మార్కులంటే ఎంత తక్కువ అనేది కూడా ఎవరికి వారు చూసుకోవాలి. హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌లో తెలంగాణ వాళ్లకూ, విశాఖ దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఆంధ్రప్రదేశ్ వాళ్లకూ స్థానిక కోటా ఉంది. కాబట్టి దేశం మొత్తం మీది ర్యాంకు ఒక్కటే చూసి గుండె జారవిడుచుకోకుండా, గత రెండేళ్ల కౌన్సెలింగ్ జాబితాల్లో తమ కోటాలో చివరి సీటు ఎక్కడ ఆగిందో తీసి చూడాలి. అక్కడికీ తమ ర్యాంకుకూ మధ్య దూరం పది మార్కులా, ముప్పై మార్కులా? పది అయితే పైన చెప్పిన చుక్కలు, బబుల్స్, క్వాంట్ సర్దుకుంటేనే దాదాపు సరిపోతుంది. ముప్పై అయితే జనవరిలో ఒకసారి, జూన్ చివర ఇంకోసారి గడియారం లేకుండా పేపరు రాసి, ఆ స్కోరు కదిలిందో లేదో చూడాలి. అది కదలకుండా గడియారం స్కోరు కదలదు.

వయసు అయిపోతోందని బెంగ పెట్టుకునే తల్లిదండ్రులకు ఒక మాట. క్లాట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఇన్నిసార్లే రాయాలని లేదు. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు లీగల్ రీజనింగ్ మార్కులు చూస్తారు. అవీ సమానమైతే వయసులో పెద్దవాళ్లకే ముందు ర్యాంకు ఇస్తారు.